ఘాటులో మోగిన మూత

ఏప్రిల్ పదకొండో తారీఖున, పాల సంఘం ఆఫీసు వరండాలో, తోటి పనివాళ్ళందరూ చూస్తుండగా, తిరుపాలమ్మను పెట్రోలు దొంగ అన్నారు. ముందు ఇది రాసిపెట్టడం నయం. ఆడమనిషి మీద పడ్డ నిందకు తారీఖు వేయకపోతే నాలుగు నెలలు తిరిగేసరికి అది ఆమె గుణం అయిపోతుంది.

తిరుపాలమ్మ పని ఊరూరా తిరిగి పశువులకు టీకాలు వేయడం. సంఘం ఆమెకు గేర్ల బండి ఇచ్చింది. నెలకింత అని పెట్రోలు కొలిచి పోస్తుంది. అందరికీ నెలంతా వచ్చే పెట్రోలు ఆమె బండికి ఇరవయ్యో తారీఖుకే ఇంకిపోతోంది. మిగతావాళ్ళ ఊళ్ళన్నీ చదును మీద ఉన్నాయనీ, కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కి మేకలబండ దాకా పోయేది ఈమె ఒక్కతేననీ సూపర్వైజరు ఓబులేసుకు తట్టలేదు. జీపులో తిరిగే మనిషికి ఎత్తూ పల్లమూ ఎక్కడ తెలుస్తాయి? ఆయనకు తట్టింది వేరు.

"ఏమ్మా, అందరి బండ్లూ పెట్రోలు తాగుతుంటే నీది కల్లు తాగినట్టు తాగుతోందే! మీ ఆయన బండిలోకి పోతోందా?"

"మా ఆయనకు సైకిలు కూడా లేదు సార్."

అందరూ నవ్వారు. నవ్వింది ఆయన మాటకో ఈమె మాటకో తేలేలోపే ఆయన తీర్పు చెప్పేశాడు. మే నెల ఆఖరు దాకా చూస్తాడు. అప్పటికీ తేడా వస్తే బండి వెనక్కి ఇచ్చేయాలి. బండి పోతే కొండ మీద ఊళ్ళు పోతాయి, ఊళ్ళు పోతే పని పోతుంది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పని మీదే.

ఆ రోజు నుంచి తిరుపాలమ్మకు ఆదివారం లేదు. ఎవరు సెలవు పెట్టినా వాళ్ళ ఊళ్ళు కూడా తనే తిరిగింది. నిజాయితీ నిరూపించుకోవడానికి మన ఆడవాళ్ళకు తెలిసిన దారి అదొక్కటే, ఇంకా చాకిరీ చేయడం. పది రోజులకే కళ్ళ కింద నలుపు దిగింది. అప్పుడు తన గురువు దగ్గరకు పోయింది.

గురువు పేరు ఇమాంబీ. ఆ మండలంలో ఆడవాళ్ళకు గేర్ల బండి నేర్పిన మనిషి. అరవై దాటాయి, మోకాళ్ళు పోయాయి గానీ నోరు పోలేదు. అయినా అడిగినదానికి నోటితో జవాబు చెప్పిన పాపాన ఏనాడూ పోలేదు. ఎవరేం అడిగినా బండి తియ్యమనేది.

"అక్కా, చెయ్యని తప్పుకు నేనింకా ఎంత కష్టపడితే వీళ్ళు నమ్ముతారు?" అని అడిగింది తిరుపాలమ్మ.

"బండి తియ్," అంది ఇమాంబీ.

ట్యాంకులో ఉన్న పెట్రోలంతా వంపించి, సీసాతో కొలిచి సరిగ్గా అర లీటరు పోసింది. వదులు మూత ఉన్న ఖాళీ పాలడబ్బా ఒకటి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. "మేకలబండకు పోనియ్. నాకు నిద్రొస్తాండాది, మాట్లాడించొద్దు."

చదునులో మూత ఊరికే ఉంది. ఘాటు మొదలయ్యేసరికి టకటకా మొదలుపెట్టింది. తిరుపాలమ్మ నాలుగో గేరు వదల్లేదు. బండి మూలుగుతుంటే యాక్సిలేటరు చివరిదాకా తిప్పింది, మలుపుల్లో ఆగిపోకుండా క్లచ్చి సగం పట్టుకుని లాగించింది. బండి ఒళ్ళంతా వణికింది. మూత ఆపకుండా మోగింది. కల్వర్టు దగ్గర బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మేకలబండ ఇంకా కొండకు అవతలే ఉంది.

"నిద్ర పట్టిందా అక్కా?"

"యాడ పట్టనిచ్చినావు? ఘాటు పొడుగునా ఈ మూత ఏడుస్తానే ఉండాది. గేరు ఎందుకు దించలేదు?"

"పై గేరులో పోతే పెట్రోలు మిగులుతుందని ఆఫీసు గోడ మీద రాయించినారు గదక్కా. దించితే ఇంకా ఎక్కువ తాగుతుందేమోనని, అది రాయించిన కాణ్నుంచి దించడమే మానుకున్నా."

"గోడ ఘాటు ఎక్కదమ్మే."

సంచీలోంచి రెండో సీసా తీసి పోసింది. ఆ పూటకు ఇల్లు చేరారు. మర్నాడు మళ్ళీ అదే అర లీటరు, అదే డబ్బా. ఈసారి ఎక్కబోయే ముందు ఇమాంబీ ఒక్కమాట చెప్పింది: "మూత మోగితే గేరు దించు. ఇంజను అరిస్తే గేరు ఎక్కించు. రెండూ లేకుంటే బండి మానాన బండిని పోనియ్."

మొదటి మలుపులో మూత గొంతు సవరించుకోగానే తిరుపాలమ్మ మూడుకు దించింది. నిట్టనిలువు చోట రెండుకు. బాట కాస్త వాలగానే మళ్ళీ పైకి. యాక్సిలేటరు సగం కూడా తిప్పనక్కర లేకపోయింది. కల్వర్టు వెనక్కి పోయింది, కొండ కొన కూడా వెనక్కి పోయింది. మేకలబండలో బండి ఆపేసరికి ఇమాంబీ ఆమె వీపు మీద తల ఆనించి నిద్రపోతోంది.

మే నెల గడిచింది. తిరుపాలమ్మ బండిలో పెట్రోలు ఇంకా మిగిలే ఉంది. జూన్ రెండున ఓబులేసు ట్యాంకు మూత తీసి లోపలికి చూశాడు. తర్వాత అందరి వైపూ తిరిగాడు.

"చూశారా? గట్టిగా అడిగేసరికి దొంగతనం మానేసింది. అంటే ఇన్నాళ్ళూ చేసిందనేగా? దొంగ చేతికి బండి ఎట్లా ఇస్తాం?"

ఎక్కువ తాగితే దొంగ. తక్కువ తాగినా దొంగే. తిరుపాలమ్మ ఏడవలేదు. "రేపు మేకలబండకు మీరే నడపండి సార్. అర లీటరు పోస్తా. నేను వెనక కూర్చుంటా," అంది. అందరి ముందూ అడిగింది కాబట్టి కాదనడానికి ఆయనకు దారి లేకపోయింది.

మర్నాడు ఓబులేసు ముందు, తిరుపాలమ్మ వెనక, ఆమె ఒళ్ళో ఇమాంబీ పాలడబ్బా. గోడ మీద మాట రాయించిన మనిషి గదా, ఘాటులోనూ నాలుగో గేరు దించలేదు. మూత అందుకుంది.

"ఆ మూత నోరు మూయించమ్మా, తల పగిలిపోతోంది!"

తిరుపాలమ్మ రెండు చేతులతో మూతను అదిమి పట్టుకుంది. బండిని అట్లా అదమడం ఎవరి వల్లా కాదు. కల్వర్టుకు నాలుగు బారల ఇవతలే ఆగిపోయింది.

ఓబులేసు చెమట తుడుచుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఈ బండిలోనే ఏదో లోపం ఉంది," అన్నాడు. నేనేమీ కలపడం లేదు, ఆయన అన్నది అదే. లోపం ఉన్న బండి ఇంకెవరూ తీసుకోరు కాబట్టి ఆమెనే ఉంచుకోమన్నాడు. బండి దక్కింది. పని దక్కింది. దొంగ అన్న మాట మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

సాయంత్రం డబ్బా తిరిగి ఇవ్వడానికి పోయినప్పుడు తిరుపాలమ్మ జరిగిందంతా చెప్పింది. ఇమాంబీ కడుపు పట్టుకుని నవ్వింది. తిరుపాలమ్మ నవ్వలేదు. డబ్బా ఇంకా ఆమె ఒళ్ళోనే ఉంది.

"ఇంకో రెండు ఊళ్ళు అడిగి తీసుకున్నా అక్కా. ఈ ఆదివారమూ పోతా. దొంగ కాదని ఆయన నోటితోనే అనిపించాల. అనిపించేదాకా వదిలేది లేదు."

ఆమె చేతులు వణుకుతున్నాయి. డబ్బా మీద మూత సన్నగా మోగుతోంది. ఆ చప్పుడు తిరుపాలమ్మకు వినపడినట్టు లేదు. ఇమాంబీ కాసేపు విన్నది.

"ఏప్రిల్ పదకొండు నుంచి ఒకే గేరులో ఉండావమ్మే," అంది. "ఇవాళ జూన్ మూడు."