పంది అంటే ఏ పంది?

ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా నాకు మిగిలిన రెండు పళ్లూ ఈ పూటే రాలిపోవాలి.

గుమ్మడిదొన అని ఒక అడవి ఉండేది. ఎంత పెద్దదంటే, ఆ చివర వాన పడిందన్న కబురు ఈ చివరకు చేరేసరికి అక్కడ మళ్లీ ఎండాకాలం వచ్చేసేది. అందులో దుప్పి, కుందేలు, కొంగ, అడవిపంది, ముళ్లపంది, ఇంకా లెక్కలేనన్ని జంతువులు ఉండేవి. ఇన్నిటికీ వేసవిలో దగ్గరలో దొరికే నీళ్లు ఒక్క ఊటవే.

ఒక ఏడాది ఎండలకు రాళ్లు కూడా నాలుకలు బయటపెట్టాయి. సరిగ్గా అప్పుడే ఊట చుట్టూ కంచె లేచింది. కందకం తవ్వింది అడవిపంది. తను బురదలో పొర్లుతుంటే ఎవరూ చూడకూడదట. దాని మీద ముళ్లకంప కప్పింది ముళ్లపంది. ఇద్దరూ కలిసి ఊటను సొంతం చేసుకున్నారు.

కుందేలు అప్పుడే అయిదు పిల్లలను ఈనింది. నీళ్లు లేక దాని పాలు ఇంకిపోతున్నాయి. పొద్దున ఆకుల మీద మంచు నాకి, ఆ తడితోనే రోజంతా గడిపేది.

దుప్పికి మాత్రం కోపం వచ్చింది. దాని కొమ్ములు ఎంత ఎత్తంటే, మబ్బులు తగులుకుంటే తల విదిలించి దులుపుకునేది. దాని చేతిరాత అంతకంటే గొప్పది. నేరేడు రసంతో టేకాకు మీద ముత్యాల్లా రాసి దావా వేసింది: 'పంది ఊటకు అడ్డంగా కంచె వేసింది. తీయించండి.'

కుందేలు వచ్చి, తన పేరు కూడా ఆ దావాలో చేర్చమని బతిమాలింది. నా పేరు పక్కన కుందేలు పేరా అని దుప్పి ముక్కు ఎగరేసింది.

కోర్టు గుమస్తా కొంగ ఆకు చదివి తల పట్టుకుంది. "బాబూ, పంది అని రాశారు. ఏ పంది?"

"అడవంతా ఎరిగిన పంది."

"అడవిలో రెండున్నాయండీ. ఇది అడవిపంది అని దిద్దండి. ముళ్లపందిని కూడా ప్రతివాదిగా చేర్చండి. సాక్షులు నోరు విప్పకముందు ఒక్క దరఖాస్తు పెడితే జడ్జిగారు కాదనరు."

"నా రాతలో కొట్టివేతా? నీకు ఒంటికాలి మీద నిలబడి నిలబడి మతి పోయింది."

చెప్పి చెప్పి కొంగ ముక్కు సగం అరిగిపోయింది. దుప్పి వినలేదు. దానికి చెప్పడం కంటే బండరాయికి ఈత నేర్పడం సులువు.

కుందేలు ఇక చేసేది లేక, ఒక చింతాకు మీద తన దావా తను రాసుకుంది. దాని నిండా తప్పులే. ఊటను 'ఊత' అని రాసింది. తూర్పును పడమర చేసింది. అదీ పంది అనే రాసింది. కానీ కొంగ చెప్పిన ప్రతిసారీ దరఖాస్తు పట్టుకుని పరిగెత్తింది. జడ్జిగారు తాబేలు. ఆయన వచ్చి కూర్చునేసరికే ఒక వాయిదా అయిపోయేది. అయినా ప్రతిసారీ కళ్లు నులుముకుని చూసి, విచారణ ఇంకా మొదలు కాలేదుగా, దిద్దుకోనీయండి అనేవారు. పందొమ్మిది సార్లు దిద్దాక ఆ చింతాకులో ఆకు కనిపించలేదు. అడవంతా నవ్వింది. దుప్పి నవ్వుకు రెండు చెట్లు కూలాయి.

ఒకే రోజున రెండు తీర్పులూ వచ్చాయి. ఇద్దరూ గెలిచారు.

దుప్పి తీర్పు పట్టుకుని అడవిపంది దగ్గరికి వెళ్లింది. అది ఎంతో మర్యాదగా నమస్కారం పెట్టి, కంచె అంటే ముళ్లు కదా, ముళ్లున్న పందిని అడగమంది.

దుప్పి ముళ్లపంది దగ్గరికి వెళ్లింది. అది తీర్పును రెండుసార్లు చదివింది.

"రాత బాగుంది. కానీ నన్ను ఏదు అంటారండీ. మా వంశంలో పందులు లేరు. ఇందులో ఏదు అని ఎక్కడుంది?"

దుప్పి ఆయాసపడుతూ జడ్జిగారి దగ్గరికి పరిగెత్తింది. ఇప్పుడు దిద్దుతాను, ఇప్పుడు చేరుస్తాను అని మోకాళ్ల మీద పడింది.

"కొంగ నీకు ముందే చెప్పిందా?" అని తాబేలు అడిగారు.

"చెప్పింది."

"తెలిసీ మానేశావు. సాక్ష్యం అయింది, తీర్పూ అయింది. దావాలో లేనివాడి మీద ఈ తీర్పు చెల్లదు. కొత్త దావా వేసుకో."

కుందేలు తీర్పులో మాత్రం ఇలా ఉంది: 'అడవిపంది ఒకరు, ఏదు అనబడే ముళ్లపంది ఒకరు, ఇద్దరూ కలిసి కుందేలుకు దారి వదలాలి.' ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. తప్పించుకోవడానికి మూడో పంది లేదు. కుందేలు పట్టేంత దారి తీశారు. ఆ పూట కుందేలు ఊట సగం తాగేసింది. సాయంత్రానికి అయిదు పిల్లలూ పొట్టలు పగిలేలా పాలు తాగి పడుకున్నాయి.

దుప్పి ఆ దారిలో దూరబోయింది. ఎడమ కొమ్ము కంపలో చిక్కింది. ఏడుగురు కలిసి వెనక్కి లాగారు. ఇక చేసేది లేక, మూడు కొండల అవతలి మడుగుకు రోజూ నడిచేది. తాగిన నీళ్లు తిరిగి వచ్చే దారిలోనే చెమటగా పోయేవి.

పదో రోజున అది కొత్త టేకాకు పట్టుకుని కుందేలు బొరియ ముందు కూలబడింది. ఇద్దరు పందుల పేర్లూ ఎలా రాయాలో చెప్పమంది.

"చెబుతాను అన్నయ్యా," అంది కుందేలు. "ముందు నీ కొమ్ములు కాస్త పక్కకు తిప్పు. వెలుతురు పడటం లేదు."

నీతి: దావాలో తప్పుంటే విచారణ మొదలు కాకముందే దిద్దుకోవాలి, చేర్చవలసిన వాళ్లను పేరు పేరునా చేర్చాలి, చేతిరాత అందం చూసి ఎవరూ దారి వదలరు. సరే, ఇక లేచి ఈ పచ్చడి గిన్నె మాణిక్యమ్మకు ఇచ్చిరా. వీధిలో మాణిక్యమ్మలు ఇద్దరున్నారు, కుట్టుమిషను మాణిక్యమ్మకు ఇవ్వు.