చౌడయ్య తలలో తెగిన అతుకులు

మగ్గాల వీధిలో సజ్జావారింట తెలివికి కొదవలేదు. ఎన్నడైనా వాడితే కదా తరగడానికి! “ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేసేస్తాం” అని త్రిపురమ్మ వీధంతా చెప్పుకునేది.

అలాంటి ఇంట్లో, జ్వరం పడి లేచిన ఇంటిపెద్ద చౌడయ్య, భార్య అన్నం వడ్డిస్తుంటే “నువ్వెవరమ్మా? వంట బాగుంది” అన్నాడు. ముప్ఫయ్యేళ్ళ కాపురం! త్రిపురమ్మ గరిటె అక్కడే పడేసింది. కొడుకులు మల్లేశూ రామలింగమూ తోడురాగా మొగుణ్ణి పట్నం తీసుకుపోయింది.

డాక్టరు నేతవాళ్ళకి తెలిసేలా చెప్పాడు. “మెదడు వాచిందమ్మా. అక్కడ కణానికీ కణానికీ మధ్య, మీరు పోగులు అతికినట్టే, అతుకులుంటాయి. జ్ఞాపకాలు వాటి మీదే నడుస్తాయి. కాపలా కణాలు కొన్ని చెత్త ఏరేస్తుంటాయి. వాపొస్తే అవి రెచ్చిపోయి మంచి అతుకుల్నీ కొరికేస్తాయి. ఈ మాత్రలు ఆ కాపలావాళ్ళని చల్లబరుస్తాయి. వాపు తగ్గితే కొన్ని అతుకులు మళ్ళీ పడతాయి.”

అంతే! ఇంటికి రాగానే మల్లేశు తండ్రి తల టేపుతో కొలిచాడు. “పాత టోపీయే పడుతోంది. వాపేదిరా?”

“లోపలికి వాచిందేమో అన్నయ్యా. మాత్రలు కాపలావాడికన్నాడుగా!”

ఇంకేముంది, నూలు గోదాము కాపలావాడు అప్పన్నని పట్టుకుని పూటకో మాత్ర మింగించారు. మూడోనాటికి అప్పన్న మంచమెక్కాడు. “చల్లబడ్డాడు!” అని గంతులేశారు. ఇక్కడ చౌడయ్య చేతికి, రోజూ మగ్గం మీద పోగు ఆడించే నాడె ఇస్తే, “పళ్ళు లేని దువ్వెన ఎందుకు?” అన్నాడు.

“అతుకులే కదరా, మనకి రానివా?” అంది త్రిపురమ్మ. ఆయన జుట్టుకి పోగులు కట్టి ఒకటి మగ్గానికి, ఒకటి నీళ్ళబిందెకి, ఒకటి తన మెడకి ముడేసింది. చౌడయ్య తుమ్మాడు. అంతే, బిందె బోర్లా, త్రిపురమ్మ మగ్గం గుంటలో!

సంగతి విన్న డాక్టరు చౌడయ్యని ఆసుపత్రిలోనే ఉంచుకుని తన చేత్తో మందులిచ్చాడు. పదిహేనోనాడు చౌడయ్య కళ్ళు విప్పాడు. “త్రిపురా, ఆ ముంగురులు పైకి తోసుకోవే, కంట్లో పడుతున్నాయి.”

త్రిపురమ్మ భోరుమంది.

డాక్టరు చెమట తుడుచుకున్నాడు. “ఈయన తల కుదుటపడింది. ఇక మీ ముగ్గురి తలల్లో ఏముందో చూడాలి!”

“చూస్తానంటున్నాడు పాపం, అడ్డెందుకు?” అంది త్రిపురమ్మ. ఇంకేముంది, మర్నాడు ముగ్గురూ నున్నటి గుండ్లతో మంచం పక్కన వరసగా నిలబడ్డారు.

చౌడయ్య భార్యని ఎగాదిగా చూసి చేతులు జోడించాడు. “ఏ మఠం స్వామీ తమరిది?”

త్రిపురమ్మ లబోదిబోమంది. “ఒరేయ్, మళ్ళీ తెగిందిరా! ఆ అప్పన్నగాడు మాత్రలు మానేసుంటాడు. లాక్కురండి వాణ్ణి!”