ఓబులేసు చోటు

దస్తగిరి సారును ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడి చేతిలో ఏదో ఒక పని పెట్టేవాడు. చక్రం బెండు ఎట్లా తీయాలని అడిగితే, అప్పుడే బెండు తీసిన చక్రాన్ని చేతికిచ్చి స్పోకులన్నీ వదులు చెయ్యమనేవాడు. రోజుకు ఎంత దూరం తొక్కాలని ఎవరో కొత్తవాడు అడిగితే, పో, టీ తీసుకురా అన్నాడు. టీ కొట్టు ఎదురుగానే ఉంది. సారు మాత్రం ఊరవతల కొట్టు పేరు చెప్పాడు. అది తొమ్మిది కిలోమీటర్లు.

అనంతపురంలో ఆయన ఒకప్పుడు హైస్కూలు డ్రిల్లు మాస్టరు. వయసులో ఉన్నప్పుడు సైకిలు పందేలు తొక్కిన మనిషి. ఉద్యోగం అయిపోయాక కాలేజీల వీధి చివర సైకిలు అంగడి పెట్టుకుని, సాయంత్రాలు మాలాంటి వాళ్ళకు పందెం తొక్కడం నేర్పేవాడు. ఫీజు తీసుకునేవాడు కాదు. ఊరికే వచ్చినదానికి విలువుండదంటారు గానీ, అయిదు నిమిషాలు ఆలస్యమైతే వీధి మలుపులోంచే వెనక్కి పంపే ఆ మనిషి దగ్గర అట్లా అనుకునే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

అక్కడ ఒక ఆచారం ఉండేది. పందెం సైకిలు సామాను కొనడం చదువుకునే పిల్లల తరం కాదు. పెడల్‌కు టక్కున అతుక్కునే బూట్ల జత ఒక్కటి కొనే డబ్బుతో హాస్టల్లో రెండు నెలలు భోంచెయ్యొచ్చు. అందుకని ఒకరికి బిగుతైనవి, ఒకరు కొత్తవి కొనుక్కుంటే మిగిలినవి, చదువు ముగించి వెళ్ళేవాళ్ళు వదిలినవి, అన్నీ చేతులు మారుతూ ఉండేవి. వస్తువు ఎవరి చేతికొస్తే వాళ్ళు దాని లోపలి వైపు తమ పేరు రాయాలి. అది సారు పెట్టిన నియమం. ఎందుకని మేమెవరం అడగలేదు. అడిగితే టీకి పంపిస్తాడని భయం.

ఓబులేసు మాలో కలిసేనాటికి డిగ్రీ రెండో ఏడు. కళ్యాణదుర్గం వైపు పల్లె. తండ్రికి కాసిన్ని గొర్రెలు, తల్లికి ఒక కుట్టుమిషను. అతను ఉండేది ప్రభుత్వ హాస్టల్లో. డొక్కు సైకిలు మీద ఎత్తైన గడ్డ ఎక్కుతుంటే కాళ్ళు చూసి సారే పిలిచాడు. పాత సామాన్ల అంగట్లో దొరికిన ఉక్కు ఫ్రేముకు రంగు వేసి సైకిలు కట్టిచ్చాడు. దానికి చక్రాలు మాతో తొక్కే వంశీధర్ ఇచ్చినవి, హెల్మెట్టు ఇంకో జతగాడు గౌసు ఇచ్చినది. బూట్లు తిప్పేస్వామివి, అంటే నావి. ఒక సైజు పెద్దవి కావడంతో వేళ్ళ దగ్గర గుడ్డముక్క కుక్కుకునేవాడు. తల నుంచి పాదాల దాకా చూస్తే ఓబులేసు మనిషిలా ఉండేవాడు కాదు, వినాయక చవితి చందాలా ఉండేవాడు. ఆ సామానులో దేనిమీదా అతను పేరు రాయలేదు. నాది కాని దానిమీద నా పేరెందుకు సార్ అంటే, సారు విన్నట్టు కూడా కనిపించలేదు. వాళ్ళమ్మ నెలకోసారి డబ్బా నిండా బెల్లం బుడ్డల ఉండలు, అంటే వేరుశనగ ఉండలు, పంపేది. పదిహేను కిలోమీటర్లు తొక్కి రోడ్డు పక్కన ఆగినప్పుడు అందరం వాటి మీదే పడేవాళ్ళం. వాటిని మేము అప్పుగా తినలేదు, హక్కుగా తిన్నాం.

ఆ ఏడు ఆషాఢంలో జిల్లా జట్టు పందెం ఉంది. మొదటి రెండు జట్లు రాష్ట్ర పోటీలకు వెళతాయి, ఆ పైన ఖర్చులు పోటీ పెట్టేవాళ్ళవే. మా చేతి నుంచి పైసా పెట్టకుండా పెద్ద పందెం తొక్కడానికి అదొక్కటే దారి. జట్టంటే నలుగురు. అయిదోవాడు మాకు లేడు.

జట్టు పందెం ఎరగనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఎదురుగాలిలో తొక్కేటప్పుడు నలుగురూ ఒకరి వెనక ఒకరు, చక్రానికి చక్రం జానెడు దూరంలో వెళతారు. గాలంతా ముందున్నవాడి రొమ్ముకే తగులుతుంది. వెనకవాళ్ళకు అతని చాటు దొరుకుతుంది, మూడో వంతు శ్రమ తప్పుతుంది. ముందున్నవాడు కాసేపు తొక్కి పక్కకు తప్పుకుని చివరికి వస్తాడు, రెండోవాడు ముందవుతాడు. కాసేపంటే మా సారు లెక్కలో ముప్పై తొక్కుళ్ళు. ముప్పై ఒకటి కూడదు. ఇంకో సంగతి, గడియారం ఆపేది మూడోవాడు గీత దాటినప్పుడు. ఒక్కడు ఎంత మొనగాడైనా లాభం లేదు.

పందేనికి నెల రోజులుందనగా కాలేజీ క్యాంటీన్లో పదిమందిలో కూర్చుని ఉన్నాం. నాకు నోరు జారడానికి పెద్ద కారణం అక్కర్లేదు. "ఓబులేసు కప్పు గెలిస్తే మేము ముగ్గురం పంచుకోవాలబ్బా. వాని సొంతం చెమట ఒకటే కదా" అన్నాను. అందరూ నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు. నవ్వాడు కదా అని నేను ఆ మాట అక్కడే మరిచిపోయాను.

మర్నాటి నుంచి ఓబులేసు ముందుకొస్తే తప్పుకోవడం మానేశాడు. ముప్పై కాస్తా అరవై అయింది, వంద అయింది. మొదట్లో మాకు బాగానే ఉంది. ఎండాకాలపు గొడుగు లాగా ఒకడు ముందు నిలబడితే ఎవరికి చేదు? తరవాత అసలు సంగతి తెలిసింది. యాభై దాటేసరికి అతని వేగం పడిపోయేది, అతనికి తెలియకుండానే మమ్మల్నందరినీ నెమ్మది చేసేవాడు. పక్కకు తప్పుకున్నాక కూడా మా చాటుకు వచ్చేవాడు కాదు. ముందువాడికి రెండు సైకిళ్ళ దూరం వదిలి, గాలికి ఎదురుగా ఒంటరిగా తొక్కేవాడు. దగ్గరికి రారా అంటే తల ఊపేవాడు, వచ్చేవాడు కాదు. వరసలో అతని వెనక చోటు నాది. అతను అలసి తూలినప్పుడల్లా నేనే ఆ ఖాళీని ఎగబడి దాటి ముందువాళ్ళను అందుకోవాలి. రెండు వారాల్లో మా జట్టు సమయం తగ్గకపోగా మూడు నిమిషాలు పెరిగింది. ఓబులేసు బుగ్గలు పీక్కుపోయాయి.

ఒక శనివారం సాయంత్రం అతను బియ్యం సంచి భుజాన వేసుకుని అంగడికి వచ్చాడు. చక్రాలు, హెల్మెట్టు, బూట్లు తీసి సారు ముందు పెట్టాడు. మేము ముగ్గురం అక్కడే ఉన్నాం.

"సార్, ఒకరి దగ్గర తీసుకున్నాక తీర్చాల కదా. నా చేతిలో ఉండేది ఈ కాళ్ళు ఒకటే. ఎంత తొక్కినా తీరేట్టు లేదు. ఇట్ల అడుక్కుని తొక్కేదానికంటే మానుకునేదే మేలు కదా సార్?"

అతను నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. క్యాంటీన్లో అన్న మాట అప్పుడు గుర్తొచ్చి నాకు మొహం చెల్లలేదు. సారు చేతిలో ఉన్న చక్రం ఒక చుట్టు తిప్పి, ఆగేదాకా చూసి, రేపు పొద్దున ఫ్రేము, సంచి తీసుకుని కళ్యాణదుర్గం రోడ్డుకు రమ్మన్నాడు.

ఆషాఢం గాలి సంగతి మా సీమవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆరబెట్టిన దుప్పటి పక్కూరి పొలంలో వెతుక్కోవాలి. ఆ ఆదివారం పొద్దున అట్లాంటి గాలే ఎదురుగా కొడుతోంది. సారు ఓబులేసును సైకిలెక్కనివ్వలేదు. తన మోపెడ్ వెనక కూర్చోబెట్టుకున్నాడు. మమ్మల్ని ముగ్గురినీ వరసగా పొమ్మన్నాడు. ముందు గౌసు, తరవాత వంశీధర్, ఆ వెనక రెండు సైకిళ్ళంత ఖాళీ, ఆ ఖాళీ వెనక నేను. ఎవరూ చోటు మారకూడదు, ఖాళీ పూడ్చకూడదు, వేగం తగ్గకూడదు. అయిదు కిలోమీటర్లు.

రెండు కిలోమీటర్ల దాకా పంతం మీద లాగాను. మూడోదానికి నోరు తెరిచాను. ఖాళీ అంటే ఏమీ లేని చోటనుకుంటాం, అందులోకి గాలి వచ్చి కూర్చుంటుందని ఆ రోజు తెలిసింది. ముందున్న ఇద్దరి చాటు నా దాకా రావడం లేదు. మోపెడ్ నా పక్కనే వస్తోంది, నా ఆయాసం ఓబులేసుకు చెవి పక్కనే వినిపిస్తోంది. నాలుగో రాయి దగ్గర నేను వెనకబడిపోయాను. సైకిలు దిగి రోడ్డు పక్క కూలబడ్డాను. సిగ్గుపడే ఓపిక కూడా లేదు.

సారు నన్ను తిట్టలేదు, మెచ్చుకోలేదు. అందరినీ మొదలుపెట్టిన చోటికి తీసుకొచ్చి అరగంట కూర్చోబెట్టి, సంచిలోని చక్రాలు ఓబులేసు ఫ్రేముకు బిగించాడు. తరవాత ఓబులేసుతో, "పోప్పా, నీ చోట్లో కూచో. ముందుకు పోవద్దు, ఏమీ చెయ్యద్దు. ఊరికే కూచో" అన్నాడు.

అదే రోడ్డు, అదే గాలి, అదే వేగం. ఓబులేసు వంశీధర్ చక్రానికి జానెడు దూరంలో కుదురుకున్నాడు, అతని చక్రానికి జానెడు దూరంలో నేను. ఒకసారి కూలబడ్డ కాళ్ళే, అయినా మూడో కిలోమీటరు ఎప్పుడు దాటామో తెలియలేదు. నాలుగో రాయి దగ్గర ఓబులేసు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి చూశాడు. నా ఆయాసం వినబడక, ఉన్నానో పడ్డానో అని భయపడ్డాడట.

"ఉండాన్లే, పోప్పా" అన్నాను.

అతను ముందుకు తిరిగాడు. అయిదో రాయి దగ్గర ఆగినప్పుడు సారు మోపెడ్ మీది సంచిలోంచి డబ్బా తీసి, బుడ్డల ఉండ ఒకటి నోట్లో వేసుకుని, మీ అమ్మ ఈ తూరి బెల్లం ఎక్కువ వేసిందన్నాడు. పాఠం అంతే. ఓబులేసు సంచి మడిచి భుజాన వేసుకుని, ఆ సైకిలు మీదే హాస్టలుకు పోయాడు. నేను క్షమించమని అడగాలనుకున్నాను, అడగలేదు. జోకులకు తెరుచుకున్నంత తేలిగ్గా నోరు వీటికి తెరుచుకోదు.

పందెం రోజు కూడా గాలి తగ్గలేదు. నలభై కిలోమీటర్లు. ఓబులేసు ముందు ముప్పై లెక్కపెట్టాడు, తప్పుకున్నాడు, వెనక్కి వచ్చి వరసలో చేరాడు. గౌసు ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గర కాలు పట్టేసి ఆగిపోయాడు. మిగిలింది ముగ్గురం. ఇక గడియారం ఆగేది మా చివరివాడితోనే. ఆ చివరివాణ్ని నేనేనని ముప్పై నాలుగో కిలోమీటరు దగ్గర నాకు అర్థమైంది. నా వంతు వచ్చింది, ముందుకు పోవడానికి కాళ్ళు లేవలేదు. రాలేనని చెప్పాను. చెప్పడానికి ప్రాణం చచ్చిపోయింది. నా ఒక్కడి వల్ల అందరూ ఇంటికి పోవాలి.

ఓబులేసు పక్కకు జరిగి నా ముందు చోటుకు వచ్చాడు.

"రావద్దులే తిప్పా. ఊరికే కూచో."

ఆ చివరి ఆరు కిలోమీటర్లు అతనూ వంశీధరూ ముప్పై, ముప్పై మార్చుకుంటూ తొక్కారు. ఓబులేసు నా ముందుకొచ్చినప్పుడల్లా నేను ఆ గుడ్డ కుక్కిన బూట్ల మడమలు తప్ప ఇంకేమీ చూడలేదు. తొమ్మిది సెకన్ల తేడాతో రెండో జట్టు మాదే అయింది.

ఆ సాయంత్రం అంగట్లో ఓబులేసు బూట్లు తుడిచి ఒళ్ళో పెట్టుకుని సారును పెన్ను అడిగాడు. లేసుల కింద ఉండే నాలుకలాంటి పట్టీని బయటికి తీసి తిప్పాడు. నేనూ వంగి చూశాను. రంగనాయకులు. దాని కింద షేక్షావలి. దాని కింద తిప్పేస్వామి. పై ఇద్దరూ మాకంటే ముందు చదువుకుని వెళ్ళిపోయినవాళ్ళు. షేక్షావలన్న ఊరు వదిలే రోజు బస్టాండులో ఆ బూట్లు నా చేతిలో పెట్టాడు. నేను వాటికి ఒక్క రూపాయి పెట్టలేదు. క్యాంటీన్లో నా బూట్లని గొప్పగా అనుకున్నప్పుడు అది నాకు బొత్తిగా గుర్తు లేదు. ఇప్పుడు గుర్తొచ్చి, ఓబులేసు పక్కన కూర్చుని, తప్పయిందిరా అన్నాను. అతను బూటును నా వైపు వంచి, ఇది కదలకుండా పట్టుకో అన్నాడు. పట్టుకున్నాను.

నా పేరు కింద పెన్ను పెట్టి, ఓపిగ్గా, పెద్ద పెద్ద అక్షరాలతో మొదలుపెట్టాడు. సారు మా వైపు చూడకుండానే చక్రం తిప్పుతూ అన్నాడు.

"చిన్నగా రాయప్పా. కింద చోటుండాల."