గుంటయ్య మాస్టారి మధ్యాహ్నాలు

కొర్రవాగుకు ఈ ఒడ్డున రెండు పాకలు, ఆ ఒడ్డున రెండు పాకలు. నాలుగూ కలిపితే అడవి హైస్కూలు. హెడ్మిస్ట్రెస్ కస్తూరమ్మ అనే ముసలి మేక. ఆలోచిస్తున్నప్పుడు ఆవిడ నోట్లో ఏదో ఒకటి నలుగుతూ ఉండాలి. టైంటేబుల్ చార్టు మీద వేసే రోజుల్లో, ఎవరికి ఏ క్లాసు ఇవ్వాలా అని ఆలోచిస్తూ మంగళవారం మొత్తం తినేసింది. మరుసటి ఏడు కొత్త చార్టు అంటిస్తే దాన్నీ పదో తరగతి దాకా నమిలేసింది. ఇలా కాదని ఈసారి బడికి ఒక కంప్యూటర్ తెప్పించి, అందులో టైంటేబుల్ వేసే సాఫ్ట్‌వేర్ పెట్టించారు.

దాన్ని పట్టుదలగా నేర్చుకున్నది లెక్కల మాస్టారు గుంటయ్య ఒక్కడే. జాతికి నక్క. మాటకారి, పాఠం కూడా బాగా చెబుతాడు. ఒకటే బలహీనత. భోజనం అయ్యాక ఓ కునుకు తీయకపోతే మనిషి మనిషిలా ఉండడు, అంటే నక్క నక్కలా ఉండడు.

ఎవరు ఏ సబ్జెక్టు చెబుతారు, ఏ గ్రూపులో ఏ పిల్లలున్నారు, ఏ పాక ఎప్పుడు ఖాళీ, ఎవరికి ఏ వేళ వీలుకాదు అని ఆ సాఫ్ట్‌వేర్ ఓపిగ్గా అడుగుతుంది. చెబితే గళ్ళన్నీ అదే నింపేస్తుంది. ఎక్కడైనా కుదరకపోతే ఎర్రగీత చూపిస్తుంది. గుంటయ్య అందరి వివరాలూ ఎక్కించి, తన పేరు దగ్గర మధ్యాహ్నాలన్నిటికీ వీలుకాదని టిక్కు పెట్టుకున్నాడు. పనిలో పనిగా ఈ ఒడ్డున మంచి పాకను పొద్దుటిపూట తనకే అట్టిపెట్టుకున్నాడు. మీట నొక్కితే ఒక్క ఎర్రగీతా రాలేదు.

తొమ్మిదో తరగతికి లెక్కల్లో రెండు గ్రూపులు. ఒకటి గుంటయ్యది. రెండోది బసవయ్య అనే ఎద్దు మాస్టారిది. కొత్త టైంటేబుల్ ప్రకారం బసవయ్య గ్రూపుకు సైన్సు ఈ ఒడ్డున, ఆ వెంటనే లెక్కలు ఆ ఒడ్డున. బసవయ్యకూ అంతే, ఒక గంట ఇక్కడ, ఒక గంట అక్కడ. వానాకాలం వాగు. ఆయన దిగుతూ ఎక్కుతూ మోకాళ్ళు నొప్పులు పెట్టుకున్నాడు, కానీ ఎవరినీ ఏమీ అనలేదు.

అనాల్సిన రోజు మందాకిని వల్ల వచ్చింది. మందాకిని తాబేలు పిల్ల, బసవయ్య గ్రూపులో చదువుతోంది. సైన్సు కాగానే బయలుదేరి, కుందేళ్ళూ లేళ్ళూ దూకిపోయిన దారిలో ఒక్కో అడుగే వేసుకుంటూ, లెక్కల గంట అయిపోయేసరికి ఆ పాక గుమ్మంలోకి చేరేది. ఒకరోజు అలాగే వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"సార్, రేపట్నుంచి నేను బడికి రాను."

"ఎందుకమ్మా?"

"వచ్చి ఏం చేయను సార్? వాగు దాటాల్సిన ఏ క్లాసుకీ అందడం లేదు. ఇంట్లో ఉంటే అమ్మకు గుడ్ల దగ్గర సాయంగానైనా ఉంటాను."

బసవయ్య ఆ పిల్ల దగ్గరికి నడిచాడు. "ఒక్క వారం ఓపిక పట్టు తల్లీ. ఆ తర్వాత నీ ఇష్టం," అన్నాడు.

ఆ పిల్లను పంపించి, తిన్నగా గుంటయ్య దగ్గరికి వెళ్ళాడు.

"మాస్టారూ, ఆ గంట కాస్త అటూ ఇటూ జరపడానికి వీలవుతుందా?"

"నా చేతుల్లో ఏముంది బసవయ్యగారూ. కంప్యూటర్ వేసింది కదా," అన్నాడు గుంటయ్య, అప్పటికే కళ్ళు మూతలు పడుతుంటే.

"నువ్వు చెప్పిందే కదయ్యా అది వేసేది."

"నేను చెప్పింది వివరాలు. తీర్పు దానిది."

బసవయ్య వెళ్ళి కస్తూరమ్మకు చెప్పుకున్నాడు. ఆవిడ ఒక వేపపుల్ల పూర్తయ్యేదాకా నమిలి, "నువ్వు నిశ్చింతగా వెళ్ళు నాయనా. రేపు మీటింగు పెడతాను," అంది.

మీటింగులో కస్తూరమ్మ మొదట టైంటేబుల్‌ను మెచ్చుకుంది. ఒక్క ఎర్రగీతా లేకుండా వేయడం మాటలా అంది. గుంటయ్య తోక ఆనందంగా ఊగింది.

"అయితే గుంటయ్యా, బసవయ్యకు పడిన వరస కొంచెం కష్టంగా ఉందేమోనని నా అనుమానం."

"అబ్బే, లేదు మేడమ్. ఎవరి గంటలు వాళ్ళకు సమంగా వచ్చాయి. కంప్యూటరుకు నక్క ఎవరో, ఎద్దు ఎవరో ఏం తెలుసు?"

"అంటే నీకు పడ్డా అదే, ఆయనకు పడ్డా అదే."

"అదే మేడమ్. తేడా ఏముంది?"

"చాలా సంతోషం," అంది కస్తూరమ్మ. "మీ ఇద్దరిదీ లెక్కలే. గంటలూ సమానమే అంటున్నావు. బసవయ్య మోకాళ్ళు బాగాలేవు. రేపట్నుంచి నీ వరస ఆయనకు, ఆయన వరస నీకు. పేర్లు మారిస్తే చాలు, గళ్ళు కదపక్కర్లేదు."

గుంటయ్య నోరు తెరిచాడు. టీచర్లందరూ తనవైపే చూస్తున్నారు. తేడా ఉందని చెబితే ఇంతసేపూ చెప్పింది అబద్ధమవుతుంది. నోరు మూసుకుని తలూపాడు.

మర్నాటి నుంచి గుంటయ్య బతుకు వాగులో పడింది. రాయి మీద నుంచి రాయి మీదికి దూకడం, చాక్‌పీసుల డబ్బా తడవకుండా ఎత్తి పట్టుకోవడం, తోక ముద్దయిపోవడం. భోజనం ముగించేలోపే అవతలి ఒడ్డున గంట కొట్టేవారు. పాఠం చెబుతూ ఆవలిస్తే పిల్లలూ ఆవలించేవారు.

ఒకరోజు తొమ్మిదో తరగతి క్లాసు ముగించుకుని ఇవతలికి వస్తుంటే, ఒడ్డు ఎక్కుతూ మందాకిని ఎదురైంది.

"ఎక్కడికే?"

"మీ క్లాసుకే సార్."

"అయిపోయింది కదా."

"తెలుసు సార్. బోర్డు మీద లెక్కలు ఉంటాయేమోనని. బసవయ్య సారు చెరపకుండా ఉంచేవారు, రాసుకునేదాన్ని."

గుంటయ్య బోర్డు శుభ్రంగా చెరిపేసి వచ్చాడు. అది ఆయనకు మంచి అలవాటు కూడాను.

"పద," అన్నాడు. వెనక్కి తిరిగి, ఆ పిల్ల అడుగులో అడుగు వేస్తూ పాకకు వెళ్ళాడు. నాలుగు లెక్కలూ మళ్ళీ రాసి, మళ్ళీ చెప్పాడు. ఆ నడకకు ఎంతసేపు పడుతుందో ఆయన కాళ్ళకు మొదటిసారి తెలిసింది. తన తర్వాతి క్లాసు దాటిపోయింది కూడా.

ఆ సాయంత్రం బడి వదిలాక గుంటయ్య కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఒడ్డు మారాల్సిన చోట నడకకు సమయం వదలమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పి మీట నొక్కాడు. తెర నిండా ఎర్రగీతలు. పాకలు మార్చి చూశాడు. గ్రూపులు మార్చి చూశాడు. ఎటు తిప్పినా గీతలు వచ్చి ఒక్కచోటే ఆగుతున్నాయి, తన పేరు దగ్గర. తాను మొదట్లో పెట్టుకుని ఇంకా తీయని టిక్కుల దగ్గర.

వెనక ఎవరో నెమరేస్తున్న చప్పుడైంది. కస్తూరమ్మ.

"ఏమంటోంది కంప్యూటర్?" అని అడిగింది.

"నా మధ్యాహ్నాలు అడుగుతోంది మేడమ్."

"ఇస్తావా మరి?"

గుంటయ్య నిట్టూర్చి, ఒక్కొక్క టిక్కే తీసేశాడు. ఎర్రగీతలు ఒక్కొక్కటే సర్దుకున్నాయి. మీట నొక్కేసరికి తెర తేటపడింది. మందాకిని గ్రూపుకు సైన్సూ లెక్కలూ ఒకే ఒడ్డున పడ్డాయి. ఏ మాస్టారైనా రోజుకు ఒక్కసారి వాగు దాటితే సరిపోతుంది. గుంటయ్యకు మాత్రం లెక్కల క్లాసు సరిగ్గా భోజనం అయ్యాక పడింది.

మొదటి మధ్యాహ్నం ఆయన వెళ్ళేసరికి మందాకిని ముందు వరసలో కూర్చుని ఉంది. గుంటయ్య రెండు లెక్కలు చెప్పి, మూడోదాని మధ్యలో నిలబడే కళ్ళు మూశాడు.

"సార్, ఒక సందేహం," అంది మందాకిని.

గుంటయ్య కళ్ళు నులుముకుని, చెవులు నిక్కించి, "అడగమ్మా," అన్నాడు.

పదిమందికీ టైంటేబుల్ వేసేవాడు, అందులో ఏ వరస తనకు పడినా నడవగలిగేలా వేయాలి.