గడప దాకా వచ్చిన కూర

ఆఫ్రికాలో సముద్రపు ఒడ్డున జంబేరా అని ఒక నగరం. దాన్నేలే కితవాలా రాజుకు ఒకనాడు ఉన్నట్టుండి ముచ్చట పుట్టింది. "బస్సుదారి వేశాం కదా, ఇంకా జనాన్ని ఎక్కించుకు తిరిగే ఆ డొక్కు వ్యాన్లెందుకు? రేపటి నుంచి బంద్!" అన్నాడు.

రవాణా మంత్రి ఒబెంగా మీసం మెలేశాడు. బస్సుల కోసమే విడిగా దారి, అద్దాల స్టేషన్లు, అన్నీ ఆయన చలవే. ఆయనెప్పుడైనా బస్సెక్కాడా అని అడక్కండి. ఆ దారిలో అన్నిటికంటే జోరుగా పోయేది ఆయన కారే. కాకపోతే దారి పాత పొలిమేర దగ్గర ఆగిపోయింది. ఊరు ఆగలేదు, కొండలెక్కి అవతలికి పాకింది.

విందుల అధికారి తుమైనీ గుండెల్లో రాయి పడింది. వంటశాలలో ఆడవాళ్ళంతా ఆ కొండల మీదివాళ్ళే. వ్యాన్లు పోతే వాళ్ళ పనీ పోతుంది.

"ప్రభూ, కొండల మీదివాళ్ళు బస్సు దాకా ఎలా వస్తారు?" అన్నాడు.

"బస్సు తప్పేముందయ్యా? వాళ్ళే దూరంగా కాపురం పెట్టుకున్నారు!" అన్నాడు మంత్రి.

రాజు నవ్వాడు కాబట్టి సభంతా నవ్వింది. తుమైనీకి ఒళ్ళు మండింది. నేరుగా వంటశాలకు పోయాడు.

మధ్యాహ్నం విందు. రాజు భోజనపీఠం మీద కూర్చున్నాక మొదటి ముద్ద తినందే లేవకూడదు. అది తాతలనాటి ఆచారం. వంటశాల నుంచి గడప దాకా పరిచిన తివాచీ మీద కొబ్బరిపాల చేపలకూర వడ్డనవాళ్ళ చేతుల్లో పరుగున వచ్చింది. తివాచీ అయిపోగానే గడప దగ్గర ఆగింది. మరి కదల్లేదు.

ఘుమఘుమలు మాత్రం లోపలికి వస్తున్నాయి. రాజు కడుపులో ఎలుకలు పరిగెత్తాయి.

"ఏమయ్యా తుమైనీ, కూరేదీ?"

"వచ్చేసింది ప్రభూ! ఇంత వేగంగా ఏ రాజ్యంలోనూ రాదు."

"గడపలో ఉంటే నా నోట్లోకెలా వస్తుందయ్యా?"

తుమైనీ వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"కూర తప్పేముంది ప్రభూ? తమరే దూరంగా పీఠం వేసుకున్నారు!"

మంత్రి ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. రాజు కూర వంక చూశాడు, మంత్రి వంక చూశాడు, పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు.

"వ్యాన్లు ఉండనీ! కొండల దాకా బస్సులు నడిచేంత వరకూ మంత్రిగారి కాపురం కూడా కొండ మీదే. కొలువుకు బస్సులోనే రావాలి. ముందు ఆ కూర ఇలా తెప్పించు!"

తుమైనీ చప్పట్లు చరిచాడు. కొండవాడ నుంచి వచ్చే వంటమనిషి నేమా ఓ సొట్టల గిన్నెలో కూర తోడుకుని గబగబా వచ్చి వడ్డించింది.

రాజు ఆ గిన్నెను వేలితో తట్టి, "ఇదేనా డొక్కు వ్యాను!" అన్నాడు. సభ గొల్లుమంది. ఆయన భుజం మీది పట్టుశాలువా తుమైనీ భుజాన పడింది.