తిప్పవ్వ పొలి కుండ

అనగా అనగా, మన అవ్వల అవ్వలు చంటిపిల్లలుగా ఉన్న కాలంలో, నేలబండ అని ఒక ఊరు ఉండేది. ఆ ఊరి దేవత గుండ్లమ్మ. ఆమెకు గోపురం లేదు, మంటపం లేదు. నాలుగు రాతి పలకల మధ్య పసుపు పూసిన గుండు ఒకటి, పైన వేపమండల పందిరి. అంతే గుడి.

గుడి చిన్నదే గానీ అమ్మవారి కట్టడి పెద్దది. ఏటా జాతర జరిగేది. జాతర ఆఖరి రోజు పొద్దు పొడవగానే కుమ్మరింటి ఆడమనిషి పొలి కుండ నెత్తికెత్తుకునేది. కుండలో పసుపన్నం, వేపాకు ఉండేవి. ఆమె ఊరి పొలిమేర వెంట నడుస్తూ పిడికెడు పిడికెడు చల్లేది. ఎత్తిన కుండను తిరిగి గుడి చేరేదాకా ఊరి నేల మీద దించకూడదని కట్టడి. అదే పొలి. పొలి పడిన గీతకు ఇవతల ఉన్నదంతా గుండ్లమ్మది. అవతల ఉన్నది పొరుగూరు కోరుపల్లెది. వాళ్ళకు వాళ్ళ దేవత సన్నమ్మ ఉంది, వాళ్ళ పొలి వాళ్ళకుంది.

పేర్లు గుర్తుంచుకోండి. మన ఊరు నేలబండ, పొరుగూరు కోరుపల్లె. ఇవి తారుమారైతే కథంతా తారుమారవుతుంది.

ఆ రోజుల్లో కాగితాలు లేవు, పటాలు లేవు. పొలి మోసే మనిషి కాళ్ళే ఊరికి దస్తావేజు.

నేలబండలో నలభై ఏళ్ళుగా పొలి మోసింది కుమ్మరి తిప్పవ్వ. అత్త చనిపోయాక కుండ ఆమె నెత్తికొచ్చింది. అరవై దాటాక ఆమెకు మతిమరుపు మొదలైంది. వేసిన ఉప్పే మళ్ళీ వేసేది.

"ఈ పులుసు సముద్రంలోంచి తోడుకొచ్చావా అత్తా?" అనేది కోడలు గంగి.

తిప్పవ్వ నవ్వేది. లోపల మాత్రం బెంగ. ఉప్పు మరిస్తే పులుసు చెడుతుంది. పొలిమేర మరిస్తే ఊరే చెడుతుంది కదా!

ఇలా ఉండగా మూడేళ్ళు వానలు లేవు. రెండూళ్ళ బావులూ ఎండిపోయాయి. రెండూళ్ళ మధ్య బీడులో ఒక్క చెలమ మిగిలింది. ఎంత తోడినా మళ్ళీ ఊరే చెలమ. "అది మాది" అన్నారు నేలబండవాళ్ళు. "కాదు, మాది" అన్నారు కోరుపల్లెవాళ్ళు. ముందు కడవలు పగిలాయి, ఆ తరవాత తలలు పగిలాయి.

సంగతి తెలిసి ఆ సీమను ఏలే రాజు స్వయంగా వచ్చాడు. ఇరుపక్షాల మాటలూ విన్నాడు.

"రెండూళ్ళ పొలి మోసేవాళ్ళూ నా కళ్ళముందు నడవాలి. ఒక్కసారి కాదు, మూడు రోజులు మూడుసార్లు. గీత చూసి చెలమ ఎవరిదో చెబుతాను" అన్నాడు.

ఆ సాయంత్రం ఊరిపెద్ద ఓబులరెడ్డి తిప్పవ్వ ఇంటికి వచ్చాడు.

"అవ్వా, చెలమ దగ్గర ఇరవై అడుగులు అవతలగా నడువు. ఏమీ కాదు."

"గీత అట్లా పోతే అట్లాగే నడుస్తా రెడ్డయ్యా. కానీ రేగుపొద దాకా నాకు గుర్తుంది. తెల్లబండ నుంచీ గుర్తుంది. ఆ రెంటి నడుమ, అదే, చెలమ దగ్గర, గీత ఎట్లా పోతుందో ఎంత తలుచుకున్నా రావడం లేదు."

ఓబులరెడ్డి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"గుర్తు లేకుంటే ఇంకా మేలు. నోరు మూసుకుని నడిచిపో. నువ్వు ఆగితే ఊరు దప్పికతో చస్తుంది."

తిప్పవ్వ రేపటి పొలికి పసుపు దంచడానికి లేచింది.

మొదటి రోజు ముందుగా కోరుపల్లె పొలి మోసే సుంకన్న నడిచాడు. వయసులో ఉన్నవాడు, మాటకారి. డప్పులు వెంటరాగా ఎక్కడా ఆగకుండా, దిక్కులు చూడకుండా నడిచి, చెలమను తన గీతలో కలిపేసుకున్నాడు. కోరుపల్లెవాళ్ళు ఈలలు వేశారు.

తరవాత తిప్పవ్వ నడిచింది. రాజు చెప్పులు విప్పి ఆమె వెనకే నడిచాడు. "ఇది జిల్లేడు వంక సామీ. ఇది పడగరాయి" అని చెబుతూ ఆమె పొలి చల్లింది. రేగుపొద దగ్గర ఆగింది. కుండ కిందికి దించింది.

"ఇక్కణ్ణించి తెల్లబండ దాకా నాకు గుర్తు లేదు సామీ."

కోరుపల్లె జనం గొల్లున నవ్వారు.

"అవ్వా, ఇంటికి దారైనా గుర్తుందా, మేం దిగబెట్టాల్నా?" అన్నాడు సుంకన్న.

తిప్పవ్వ చెలమలో దోసెడు నీళ్ళు తాగింది. కుండ ఎత్తుకుంది. ఊరకే నడిచి, తెల్లబండ దగ్గర మళ్ళీ చల్లడం మొదలుపెట్టింది. ఓబులరెడ్డి తల పట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఎవరో తిప్పవ్వ గడప ముందు ఖాళీ కడవ ఒకటి బోర్లించి పోయారు.

రెండో రోజు సుంకన్నకు ధైర్యం పెరిగింది. చెలమతో పాటు దాని పక్కనున్న ఈతచెట్లనూ కలిపేసుకున్నాడు. తిప్పవ్వ మాత్రం నిన్న నడిచిన చోటే నడిచింది. రేగుపొద దగ్గరే ఆగింది. కుండ దించింది, నీళ్ళు తాగింది, నిన్నటి మాటే చెప్పింది.

"ముసలిదానా, ఇవాళైనా ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోతుంది?" అని ఓబులరెడ్డి పళ్ళు నూరాడు. రాజుకు ఆ మాట వినబడింది. విననట్టే ఉన్నాడు.

మూడో రోజు సుంకన్న నేలబండ కళ్ళాల దాకా వచ్చేశాడు. ఈసారి అతని ఊరివాళ్ళే నవ్వారు.

"ఒరే సుంకన్నా, ఇంకో రోజు నడిస్తే రాజుగారి కోట కూడా మనదే అయ్యేట్టుందిరా!"

తిప్పవ్వ బయలుదేరింది. దారి పొడవునా ఊరి ఆడవాళ్ళు ఖాళీ కడవలతో నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. చూశారంతే. గంగి చంకలో మనవరాలు ఎండిన పెదవులు నాక్కుంటోంది.

రేగుపొద వచ్చింది. తిప్పవ్వ పిడికెడు పొలి తీసింది. చెయ్యి ఎత్తింది. అవతలగా నాలుగు పిడికిళ్ళు చల్లితే చెలమ తన ఊరిదవుతుంది. మనవరాలు కడుపునిండా నీళ్ళు తాగుతుంది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఆమె ఆ పిడికెడూ కుండలోనే వేసింది. కుండ దించింది.

"గుర్తు లేదు సామీ. లేనిదాన్ని అమ్మవారి పేరు మీద చల్లలేను."

రాజు ఆమె పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, ఎత్తిన పొలి కుండను తిరిగి గుడి చేరేదాకా ఊరి నేల మీద దించకూడదంటారే. మూడు రోజులూ ఇక్కడ ఎందుకు దించావు?"

తిప్పవ్వ తెల్లబోయింది. "ఏమో సామీ. మా అత్త ఇక్కడే దించి నీళ్ళు తాగేది. నేనూ అంతే. కాళ్ళు వాటంతట అవే ఆగుతాయి."

"అలిసిపోయి దించుతుందనుకున్నాం సామీ, ఇన్నేళ్ళూ" అని ఓబులరెడ్డి గొణిగాడు.

రాజు సుంకన్న వైపు తిరిగాడు. "మూడు రోజుల్లో మూడు గీతలు గీశావు. వాటి సంగతి అటుంచు. మీ ఊరి పొలి నీకంటే ముందు ఎవరు మోసేవారు?"

"మా తాత సామీ."

"ఆయన ఈ చోటికి వచ్చాక ఏం చేసేవాడు? గుండ్లమ్మ ఎదుట ఈ అవ్వ ఒట్టి మాట చెప్పలేదు. నీ సన్నమ్మ మీద ఆన. చెప్పు."

సుంకన్న నేల చూపులు చూశాడు.

"దించేవాడు సామీ" అన్నాడు చివరికి. "ఇక్కడే దించి, నీళ్ళు తాగి, మళ్ళీ ఎత్తుకునేవాడు. ఇక్కడ చల్లేవాడు కాదు."

రాజు లేచి నిలబడ్డాడు.

"అవ్వా, నువ్వు గీతను మరిచిపోలేదు. ఇక్కడ గీతే లేదు. మీ పెద్దలు ఈ చోటును ఏ ఊరిలోనూ కలపలేదు. కనుకే ఇద్దరూ కుండ దించారు. రేగుపొద నుంచి తెల్లబండ దాకా నేల ఎవరిదీ కాదు. పొద్దున నేలబండవాళ్ళు తోడుకోవాలి, సాయంత్రం కోరుపల్లెవాళ్ళు. మిగతా పొలిమేరంతా తిప్పవ్వ నడిచిందే. మూడు రోజులూ ఆమె అడుగులో అడుగు పడింది. ఆగిన చోటు కూడా మారలేదు. సుంకన్న మూడు గీతలూ చెల్లవు."

తిప్పవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "లేనిదాని కోసమా సామీ, నేను రాత్రిళ్ళు నిద్ర మానుకుని వెతుక్కున్నది!" అంది.

ఆడవాళ్ళు చెలమ చుట్టూ చేరారు. గంగి మొదటి దోసెడు బిడ్డకు పట్టింది, రెండోది అత్తకు పట్టింది.

ఆ తరవాత రెండూళ్ళవాళ్ళూ కలిసి చెలమ గట్టున రెండు గుండ్రాళ్ళు పక్కపక్కనే నిలిపి పసుపు పూశారు. గోడ కట్టలేదు. గుండ్లమ్మ, సన్నమ్మ అక్కచెల్లెళ్ళనీ, నీళ్ళకు వచ్చి కడవలు దించి అక్కడ కష్టసుఖాలు చెప్పుకుంటారనీ జనం చెప్పుకోసాగారు. పిల్లలు ఆ కథ నిజమేనా అని తిప్పవ్వను అడిగేవాళ్ళు.

"నాకు తెలియదు నాయనా" అనేది ఆమె. ఆ తరవాత ఏ చేను గట్టు దగ్గర తగవు వచ్చినా, రెండూళ్ళవాళ్ళూ ఆమెనే పిలుచుకుపోయేవాళ్ళు.

నీతి: తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకున్న నోటినే, తెలుసని చెప్పినప్పుడు లోకం నమ్ముతుంది.