భ్రమరాంబ కొర్రన్నం

"గురువుగారూ, జిహ్వ మీద అదుపు లేనివాళ్ళకి సాధన ఏదైనా ఉందా?" అని దక్షిణామూర్తి నలుగురిలో లేచి నిలబడి అడిగాడు.

అడిగింది తన గురించి కాదు. ఏకాదశి వస్తే పచ్చి మంచినీళ్ళయినా ముట్టనివాడు, కాలవగట్టు ఆశ్రమంలో ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేవాడు, తన గురించి ఎందుకు అడుగుతాడు! వెనక ఆడవాళ్ళలో కూర్చున్న భార్య వైపు తల తిప్పి మరీ అడిగాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మా ఇంటావిడకి షుగరండీ. కాలి వేలికి పుండు లేచి మానడం లేదు. పథ్యం చెయ్యకపోతే వేలు తీసెయ్యాల్సొస్తుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అయినా ఈవిడకి పథ్యం నిలవదు. ఎప్పుడూ వంటింట్లోనే ఉంటుంది కదా, రుచి చూడ్డం పేరుతో ఏదో ఒకటి నోట్లో పడుతూనే ఉంటుంది" అని ఇంటి గుట్టంతా విప్పి చెప్పాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

భ్రమరాంబకి ఒళ్ళు మండిపోయింది. పుండు లేచిన కాలిని కుచ్చిళ్ళ కిందికి లాక్కుని తల వంచుకుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి పొయ్యి దగ్గర నిలబడి ఇంటిల్లిపాదికీ వండి పెడుతున్న మనిషిని పట్టుకుని, దొంగతిండి తింటోందని సభలో చెప్పడమా! అదీ కట్టుకున్న మొగుడు! లేచి ఆ మాటే అనాలనుకుంది గానీ ఆశ్రమంలో గొంతు పెగల్లేదు.

గురువు అనంతయ్య గారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడి మొహంలోకి కాసేపు చూసి, సంబంధం లేనట్టుండే మాట ఒకటి అంటారు. ఆ రోజూ అంతే. "ద్వాదశి నాడు మీ ఇంటికి భిక్షకి వస్తాను. ఆ తల్లి తన కోసం వండుకునే పథ్యం కూడా మామూలుగానే వండమను" అన్నారు.

గురువుగారు భిక్షకి రావడమంటే మాటలా! దక్షిణామూర్తికి కాలు నేల మీద నిలవలేదు. బొబ్బట్లన్నాడు, పులిహోరన్నాడు, ఆవడలన్నాడు, కంద వేపుడన్నాడు. అనడమంతా అయిపోయాక విస్తరాకులు తెస్తానని బజారుకి వెళ్ళిపోయాడు. మిగతాదంతా భ్రమరాంబ పని. తెల్లవారుజామునే తలస్నానం చేసి, మడి కట్టుకుని, సలుపుతున్న కాలి మీద నిలబడే అన్నీ వండింది. చివర్లో తన కోసం చిన్న గిన్నెలో కొర్రన్నం, దానిలోకి ఇంత మెంతికూర పప్పు వండుకుని మూలకి పెట్టుకుంది.

గురువుగారు వచ్చి పీట మీద కూర్చున్నారు. ఆయన పక్కన దక్షిణామూర్తి, అతని తల్లి మహలక్ష్మమ్మ, ఉద్యోగం చేస్తున్న కొడుకు కార్తికేయ వరసగా కూర్చున్నారు. భ్రమరాంబ కుంటుకుంటూ వడ్డించింది. ఆకుల చుట్టూ నీళ్ళు తిప్పి పరిషేచనాలయ్యాయో లేదో, మహలక్ష్మమ్మ మొదలుపెట్టింది. "అమ్మాయ్, ఈ పులిహోర నాకు అరగదే. నీ కొర్రన్నం ఓ గరిటెడు వెయ్యి."

భ్రమరాంబ వేసింది. గురువుగారి ఎదుట అత్తగారికి లేదని ఎలా అంటుంది?

"అమ్మా, నాక్కూడా. బొబ్బట్లు తింటే జిమ్‌లో చేసిందంతా పోతుంది" అన్నాడు కార్తికేయ. వాడికీ వేసింది. "నిన్నంతా ఉపవాసం కదా, నాకూ పొట్టకి తేలిగ్గా ఉంటుంది. మెంతికూర పప్పు కూడా ఇలా తే" అన్నాడు దక్షిణామూర్తి. గిన్నె వంచి వేసింది. ఒక్కొక్కరూ ఒక్క గరిటే అడిగారు. ఎవరిది తప్పనగలం? ఇలాంటి ఇళ్ళలో తప్పు ఎప్పుడూ ఒక్క గరిటె కన్నా పెద్దదిగా కనబడదు.

గురువుగారు వంచిన తల ఎత్తకుండా తింటున్నారు. చివరికి మజ్జిగన్నంలో ఉండగా అన్నారు. "అమ్మా, వంట అమృతంలా ఉంది. దేనిలోనూ ఉప్పు ఇంత ఎక్కువ కాలేదు, ఇంత తక్కువ కాలేదు. రుచి చూసి వేశావా?"

ఆవిడ నోరు తెరిచే లోపలే దక్షిణామూర్తి అందుకున్నాడు. "అపచారం! భిక్షకి వండింది ఎంగిలి చేస్తామా గురువుగారూ! ఇవాళే కాదు, మా ఇంట్లో ఏనాడూ దేవుడికి పెట్టకుండా మెతుకు ముట్టం. వాసన చూసి ఉప్పు చెప్పేస్తుంది మా ఆవిడ."

"రోజూనా?"

"రోజూనండీ!" అన్నాక గానీ తన నోటితో తానేం అన్నాడో అతనికి తెలియలేదు. తెలిశాక ఆకులోకి చూస్తూ మజ్జిగన్నం కలపడం మొదలుపెట్టాడు. అది అప్పటికే కలిపేసి ఉంది.

"మరి పథ్యం ఎక్కడ తప్పుతోందమ్మా? నువ్వెప్పుడు తింటావు?"

"అందరూ తిన్నాకండీ."

"ఏం తింటావు?"

ఆశ్రమంలో పెగలని గొంతు అప్పుడు పెగిలింది. భ్రమరాంబ కొర్రన్నం గిన్నె తెచ్చి గురువుగారి ముందు బోర్లించింది. ఒక్క మెతుకు రాలలేదు. "మిగిలింది తింటానండీ! నాది వీళ్ళు తినేస్తారు, వీళ్ళది నాకు మిగులుతుంది. పారబోస్తానంటే అన్నం పారేస్తే ఇంటికి అరిష్టం అంటారు అత్తయ్యగారు. రాత్రికి పెడితే పొద్దుటిది నాకెందుకంటాడు వీడు. సరే కదా అని నేను తింటే, నోటికి అదుపు లేదని సభలో చెప్తారు మీ శిష్యులు. పోయేది ఎవరి వేలండీ?"

మహలక్ష్మమ్మ, "వద్దంటే బలవంతంగా తిన్నామా? నోరు విప్పి చెప్పొచ్చుగా" అని గొణిగింది. చెప్పిన రోజున తనేమంటుందో ఆవిడకి తెలియదనా! అత్తకి గరిటెడు అన్నం పెట్టడానికి చేతులు రాని కోడలని వీధంతా వినబడేలా అనదూ!

గురువుగారి భోజనం అయిపోయింది. అయినా ఆయన భోజనం ముగించే ఉత్తరాపోశనం పట్టలేదు. పంక్తిలో పెద్దాయన లేవకుండా మరొకరు లేవకూడదు, చెయ్యి కడగకూడదు. ఆ ఇంట్లో అది గట్టి ఆచారం. "నా పక్కన మరో ఆకు వెయ్యండి. ఈ తల్లి తన పథ్యం తినేదాకా నేను లేవను" అన్నారాయన.

"అయ్యో, ఎంతసేపండీ, ఇప్పుడే వండుకుంటాను" అని భ్రమరాంబ వంటింటి వైపు తిరిగింది.

"నువ్వు కూర్చో తల్లీ. దక్షిణామూర్తీ, నువ్వొక్కడివీ లే నాయనా."

దక్షిణామూర్తి లేచి చెయ్యి కడుక్కుని, భార్యకి ఆకు వేసి వంటింట్లోకి వెళ్ళాడు. కాసేపు డబ్బాల చప్పుడు వినబడింది. "కొర్రలెక్కడున్నాయే?" అని కేక వేశాడు.

"ఎర్ర మూత డబ్బాలో. ముందు నానబెట్టాలి" అంది భ్రమరాంబ, కూర్చున్న చోటు నుంచి కదలకుండా.

"నానబెట్టాలా! ఎంతసేపు?"

"నాననీ నాయనా, మాకేం తొందర లేదు" అన్నారు గురువుగారు.

కొర్రలు నానాయి. పంక్తిలో వాళ్ళ చేతుల మీద మెతుకులు ఎండి అట్ట కట్టాయి. మహలక్ష్మమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. అవతలి గదిలో కార్తికేయ ఫోను మోగి మోగి ఆగిపోయింది. అది తియ్యడానికి వాడికి చెయ్యీ లేదు, లేచే దారీ లేదు. ఇంటెడు మందీ అలా కూర్చుని ఒక్క మనిషి తిండి కోసం కాచుకోవడం భ్రమరాంబ చూసి ఎరగదు. సంతోషం మాత్రం కలగలేదు. ఇన్నేళ్ళూ ఇది ఎవరికీ తోచకపోయిందే అని కోపమే ఇంకాస్త పెరిగింది.

ఎట్టకేలకి కొర్రన్నం ఉడికింది. వంటింటి గుమ్మంలోంచి అందరికీ కనబడుతూనే ఉంది. దక్షిణామూర్తి ఉడికిందో లేదో చూద్దామనుకున్నాడో, అలవాటుగానే చేశాడో, గరిటె అంచున ఇంత తీసుకుని ఊదుకుంటూ నోటి దాకా తెచ్చాడు. అక్కడ ఆగాడు. గుమ్మం వైపు చూశాడు. గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టేసి, గిన్నె పళంగా తెచ్చి భార్య ఆకులో అంతా వడ్డించాడు. అన్నం చిమిడిపోయింది. తోడు ఇంత పెరుగు తప్ప ఏమీ లేదు. భ్రమరాంబ అతని మొహం చూడలేదు, బాగుందనీ అనలేదు. తలొంచుకుని ఆఖరి మెతుకు దాకా నింపాదిగా తింది.

అప్పుడు గురువుగారు ఉత్తరాపోశనం పట్టి లేచారు. తన చేతికి దక్షిణామూర్తి నీళ్ళు పోస్తుంటే అన్నారు.

"జిహ్వ మీద అదుపు లేనివాళ్ళకి సాధన అడిగావు కదా నాయనా. ఈ పూట బాగానే చేశావు. వదలకు."